కోహీర్ సెట్టులో పటేల్ లేడు

పోయిన నెల ఒక అబ్బాయి, ఒక అమ్మాయి నా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. కొత్తగా పెళ్లయినవాళ్లు, ఇద్దరూ హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు. పాత సామాన్ల దుకాణంలో ఒక వాల్వు రేడియో కొన్నారట. టేకు పెట్టె, ముందు బంగారు రంగు గుడ్డ, గాజు పలక మీద ఊళ్ల పేర్లు. చాలా ముచ్చటగా ఉంది. నేను కళ్లద్దాలు తుడుచుకుంటుండగానే అబ్బాయి ప్లగ్గు పట్టుకుని గోడ వైపు నడిచాడు.

"ఒక్కసారి పెట్టి చూద్దామా అంకుల్?"

నేను అరిచిన అరుపుకు వంటింట్లో మా ఆవిడ చేతిలో గిన్నె జారింది. అబ్బాయి ప్లగ్గు వదిలేశాడు. ఆ అమ్మాయి మాత్రం నా ముఖం చూసి నవ్వు ఆపుకోలేకపోయింది. నలభై ఏండ్లు రేడియోలు విప్పిన మనిషి ప్లగ్గును చూసి పామును చూసినట్టు ఎగిరిపడితే ఎవరికైనా నవ్వే వస్తుంది.

వాళ్లకు ఆ రోజు రెండు ముక్కలు చెప్పి పంపించాను గాని, అసలు సంగతి చెప్పలేదు. చెప్పడానికి కొంచెం సిగ్గేసింది. ఇప్పుడు రాస్తున్నాను. పాత రేడియోలు బాగుచేద్దామని సరదాపడే వాళ్లందరూ చదువుకోవచ్చు. ఇందులో నా గొప్పతనం ఏదైనా దొరుకుతుందేమోనని మాత్రం వెతకకండి.

మాది రాయికోడ్ దగ్గర పల్లె. వ్యవసాయం నాకు పడలేదు, నేనూ వ్యవసాయానికి పడలేదు. పోస్టులో పాఠాలు పంపే రేడియో కోర్సు ఒకటి కట్టాను. నెలకొక కవరు వచ్చేది. చివరి కవరులో బంగారు రంగు ముద్ర వేసిన సర్టిఫికెట్ వచ్చింది. దానికి ఫ్రేము కట్టించుకుని, డెబ్భైల చివర్లో జహీరాబాద్ బస్టాండ్ రోడ్డులో ఉన్న ఒక రేడియో దుకాణంలో పనికి కుదిరాను. నాకు అప్పుడు ఇరవై ఆరేండ్లు. నేను వాల్వు రేడియోల విద్య నేర్చుకుని వచ్చేసరికి ఊరంతా ట్రాన్సిస్టర్లు కొనుక్కుంటోంది. పెద్ద సెట్లన్నీ అటకలెక్కాయి. జీవితంలో నేను దేనికీ సమయానికి చేరుకోలేదు, అందులో ఇది మొదటిది.

దుకాణం మా ఉస్తాద్‌ది. యాభై దాటిన మనిషి, సన్నగా, తెల్లటి పైజామాలో ఉండేవాడు. ఆయనకు ఏ సర్టిఫికెట్టూ లేదు. ఆయన పని చేసే తీరు చూస్తే నాకు లోపల నవ్వొచ్చేది. కరెంటు పెట్టిన సెట్టులో చెయ్యి పెట్టాల్సి వస్తే ఎడమ చెయ్యి జేబులో పెట్టుకుని, కుడి చేత్తోనే అన్నీ చేసేవాడు. నవాబుగారు షికారుకు వచ్చినట్టుండేది. ఇంకొక సంగతి, ఏ పాత సెట్టు వచ్చినా నేరుగా ప్లగ్గు పెట్టేవాడు కాదు. ఒక చెక్క మీద మామూలు బల్బు బిగించి ఉండేది. కరెంటు ముందు ఆ బల్బులోంచి పోయి, తర్వాత సెట్టులోకి పోయేది. దాన్ని సీరీసు బల్బు అనేవాళ్లం. సెట్టు లోపల ఎక్కడైనా షార్టు ఉంటే బల్బు భగ్గున వెలుగుతుంది, సెట్టు కాలిపోదు. బాగుంటే బల్బు ఒకసారి వెలిగి మందగిస్తుంది.

నా కోర్సు కవర్లలో ఎక్కడా ఈ బల్బు లేదు. అందుకని నా దృష్టిలో అది పిసినారితనం.

"డైరెక్ట్ పెడ్తే ఏమైతది ఉస్తాద్?" అని ఒకసారి అడిగాను.

"అరే భాయ్, పదేండ్ల సంది పండుకున్నోన్ని లేపుతున్నవ్. భుజం మీద చెయ్యేసి మెల్లగ లేపుతవా, నెత్తి మీద బిందె బోర్లిస్తవా?"

అదీ ఒక జవాబేనా అనుకున్నాను. నాకు అంకెల్లో చెప్తేనే చదువు.

ఆ ఏడు చలికాలంలో ఉస్తాద్‌కు కంటి ఆపరేషన్ పడింది. హైదరాబాద్‌లో చెల్లెలింట్లో ఉండి దవాఖానకు పోవాలి. నెలన్నర పని. పోయేముందు తాళంచెవి నా చేతిలో పెట్టి చెప్పాడు.

"ట్రాన్సిస్టర్లు చూస్కో. సెల్లులు అమ్ముకో. వాల్వు సెట్టు వస్తే మాత్రం జర పక్కకు పెట్టు. నేనొచ్చినంక చూద్దాం."

"ఫికర్ చెయ్యకున్రి ఉస్తాద్," అన్నాను. ఆ మాట ఎంత ధైర్యంగా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

నాలుగో రోజు కోహీర్ వైపు ఊరి నుంచి ఒకాయన ట్రాక్టరు మీద వచ్చాడు. గొంగడిలో చుట్టిన పెద్ద సెట్టు దింపాడు. వాళ్ల నాయన ఆ ఊరి మాలీ పటేల్, శిస్తు వసూలు చేసే పెద్దమనిషి. చనిపోయి ఏడేండ్లయింది. ఆ సెట్టు ఆయనదే. ఆయన పోయిన రోజు నుంచి దాన్ని ఎవరూ పెట్టలేదు.

"మా అమ్మ అడుగుతున్నది. నాకైతే దీంతోని పని లేదు, ట్రాన్సిస్టర్ ఉన్నది. ఆమెకు ఇదే కావాల్నట," అన్నాడు.

"ఎందుకట?"

"అమ్మది కర్ణాటక. బసవకల్యాణం పక్కన. ఇందుల కన్నడం సాఫ్‌గ వస్తుండె. చిన్న డబ్బాల గరగర అంటది."

పెట్టె దింపాక ఆయన ఇంకో మాట చెప్పాడు, నవ్వుతూనే. పటేల్ బతికున్నన్ని రోజులు ఆ సెట్టును ఇంకెవరూ ముట్టుకోవడానికి లేదు. ఆయన వార్తలు విని, నాబు తిప్పి, పైన గుడ్డ కప్పేవాడు. ఆయన తాలూకా కచేరి పని మీద జహీరాబాద్ వచ్చిన రోజు మాత్రం ఈమె తలుపు దగ్గరికేసి, కన్నడం స్టేషన్ పెట్టుకుని వినేది. ఆయన వచ్చేలోపు ముల్లును మళ్లీ ఉన్నచోటికి తెచ్చి పెట్టేది. ఒకసారి అర అంగుళం తేడా వచ్చి ఇంట్లో మూడు రోజులు మాటల్లేవట.

ఉస్తాద్ వచ్చేదాకా ఆగమని చెప్పాల్సింది. నా వెనక గోడ మీద బంగారు ముద్ర మెరుస్తోంది. "వారం రోజుల్ల రాండ్రి," అన్నాను.

ట్రాక్టరు మలుపు తిరగకముందే ప్లగ్గు పెట్టాను. నేరుగా.

వాల్వుల్లో మెల్లగా ఎర్రటి వెలుగు వచ్చింది. ఎంత అందంగా ఉందో! తర్వాత సెట్టు గుమ్మని మూలిగింది. తేనెటీగల తుట్టె లేచినట్టు ఆ మూలుగు పెరిగింది. ఏమిటా అని వంగి చూడబోయాను. అదృష్టం బాగుండి, సరిగ్గా అప్పుడే బయట ఎవరో "సెల్లులున్నయా?" అని అడిగితే తల తిప్పాను. వెనక దీపావళి బాంబు పేలినట్టయింది. పెట్టెలో కరెంటును దాచుకునే కెపాసిటర్ అనే డబ్బా ఒకటుంటుంది. ఏడేండ్లు ఊరికే పడి ఉండి అది లోపల ఎండిపోయింది. ఒక్కసారి కరెంటు తగిలేసరికి పగిలి, దాని కడుపులో ఉన్న రేకు పీలికలు, జిగురు కప్పు దాకా లేచాయి. కొంత నా సర్టిఫికెట్ అద్దం మీద పడింది. సెల్లులకు వచ్చినాయన సెల్లులు కొనకుండానే పోయాడు.

ఆ జిగురు గోకడానికి ఒక పూట పట్టింది. ఉస్తాద్ అటక మీద వెతికి కొత్త కెపాసిటర్, పాడైన వాల్వుకు బదులు ఇంకో వాల్వు తెచ్చి వేశాను. ఈసారి ఎవరూ చూడకుండా సీరీసు బల్బు పెట్టాను. బల్బు వెలిగి మందగించింది. కెపాసిటర్ సరిగ్గా పట్టుకుంటుందో లేదో చూద్దామని, దాని తర్వాతి తీగ విప్పేసి దాన్నొక్కదాన్నే పరీక్ష చేశాను. ప్లగ్గు తీశాను. ప్లగ్గు తీశాక ఇంకేం భయం అని రెండు చేతులూ లోపల పెట్టాను.

అది తన్నిన తన్నుకు నా చేతిలోని స్క్రూడ్రైవర్ రోడ్డు మీద పడింది. భుజాల దాకా జివ్వుమంది, గుండె ఒక దెబ్బ తప్పి కొట్టుకుంది. ప్లగ్గు తీసినా ఆ డబ్బా తన దగ్గరున్నది తన దగ్గరే ఉంచుకుంటుంది, మెల్లగా ఖాళీ చేస్తే తప్ప. ఒక చేతి నుంచి ఇంకో చేతికి పోయే దారిలో గుండె ఉందన్న సంగతి నాకు కూర్చున్నచోటే అర్థమైంది. ఉస్తాద్ నవాబు కాదు, బతకాలనుకున్న మనిషి.

ఒకే వారంలో రెండు పాఠాలు నేర్చుకున్నాను. మీకు ఇక్కడే ఒక మాట చెప్పాలి. రెండు పాఠాలు నేర్చుకున్నవాడు చాలా ప్రమాదం. ఏమీ రానివాడికి భయం ఉంటుంది. నాకు ఆ భయం కాస్తా పోయింది.

తీగ మళ్లీ అతికించాను, సెట్టు పాడింది. పని అంతా అయ్యాక చూస్తే, పెట్టెలోంచి తీసేటప్పుడు ముందున్న నల్ల నాబు ఒకటి పగిలి ఉంది. పాత యాంప్లిఫయర్‌కు ఉన్న ఇత్తడి నాబు ఒకటి చిత్తు డబ్బాలో దొరికింది. చింతపండు పెట్టి తోమి బిగించాను. బంగారంలా మెరిసింది. వెనక అట్ట చిరిగిపోతే పారేశాను. ఇత్తడి నాబు పట్టుకుని పదిసార్లు తిప్పాను, ఏమీ కాలేదు. ఏమీ కాలేదు కాబట్టి ఏమీ కాదనుకున్నాను.

ఇక్కడొక చిన్న విషయం చెప్పకపోతే ముందుది అర్థం కాదు. ఆ రకం సెట్లలో లోపలి ఇనుప చట్రం కరెంటు తీగల్లో ఒకదానికి నేరుగా తగులుకుని ఉంటుంది. రెండు ముళ్ల ప్లగ్గు ఒకవైపు పెడితే చట్రంలో కరెంటు లేనట్టే. అదే ప్లగ్గు తిరగేసి పెడితే చట్రమంతా కరెంటే. నాబు బిగించే కడ్డీ ఆ చట్రంలోంచే వస్తుంది. అందుకే పెట్టె కర్రది, నాబు కరెంటు పారని బేకలైటుది, వెనక అట్ట. మనిషి చెయ్యి ఇనుముకు తగలకుండా అంత ఏర్పాటు చేశారు. నేను అట్ట పారేసి, ఇత్తడి బిగించాను. మా దుకాణంలో ప్లగ్గు మంచివైపు పడిందంతే.

చెప్పినట్టే ఎనిమిదో రోజు నేనే ఆయన ట్రాక్టరెక్కి వాళ్లూరికి పోయాను. మిద్దె మీద రెండు వెదురుబొంగులు పాతి ఏరియల్ తీగ కట్టాను. ప్లగ్గు నేనే పెట్టాను. అది మళ్లీ మంచివైపే పడింది.

పటేలమ్మ గడప దగ్గర నిలబడింది. అరవై దాటిన మనిషి, పొట్టిగా, నుదుటన విభూతి. కన్నడంలో ఎవరో వానల గురించి చెబుతున్నారు. ఆమె ముఖంలో ఏమీ కదలలేదు గాని, గడప దాటి లోపలికి వచ్చి, ఇంకా దగ్గరికి వచ్చి, కొడుకును అడిగింది.

"నేను తిప్పొచ్చునా?"

కొడుకు నా వైపు చూశాడు. నేను రాజులా చెయ్యి ఊపాను. ఆమె చూపుడువేలితో ఇత్తడి నాబును అంటీ అంటనట్టు ముట్టి, తర్వాత పట్టుకుని తిప్పింది. ఏమీ కాలేదు. గొంతు పెరిగింది. ఆమె చాప వేసుకుని కూర్చుంది. నాకు పెరుగన్నం పెట్టింది. వచ్చేటప్పుడు నా కోర్సులో చదివిన జాగ్రత్త ఒకటి గుర్తొచ్చి, పెద్దగా చెప్పాను.

"ఉరుములు మెరుపులు వస్తే ప్లగ్గు తియ్యున్రి. మర్చిపోవద్దు."

వాళ్లు మరచిపోలేదు. మంచివాళ్లు, చెప్పినట్టు వినేవాళ్లు. పది రోజులకు అకాల వాన వచ్చింది. కొడుకు ప్లగ్గు తీశాడు. వాన వెలిశాక మళ్లీ పెట్టాడు. తిరగేసి పెట్టాడు.

ఇవన్నీ నాకు తర్వాత తెలిసినవి. వాన వెలిసిన రెండో రోజు ఆయన దుకాణానికి వచ్చాడు. కొట్లాటకు వచ్చినట్టు లేడు. స్టూలు మీద కూర్చుని గొంతు తగ్గించాడు.

"మెకానిక్ సాబ్, ఆ సెట్టు మీద ఏమన్న ఉన్నదా?"

"ఏముంటది పటేలా?"

"నిన్న పొద్దుగాల అమ్మ తానం చేసొచ్చి, తడి చెయ్యితోనే నాబు ముట్టింది. ఎవరో పట్టి ఇసిరినట్టు ఎగిరి గడప మీద పడ్డది. మణికట్టు ఇరిగింది. చిరాగ్‌పల్లిల కట్టు కట్టిపిచ్చుకొచ్చినం."

నేను చేతిలోని స్క్రూడ్రైవర్ కింద పెట్టాను.

"నేను చెప్పులేసుకుని తిప్పితే ఏం కాలే. ఆమెకే తాకింది. ఊర్ల అందరు ఒక్కటే మాట. నాయన బతికుండంగ ముట్టనియ్యలే, సచ్చినంక గూడ ముట్టనిస్తలేడని." ఆయన లేచి నా భుజం తట్టాడు. "నీ తప్పేం లేదు లే. నువ్వు మంచిగనే చేసినవ్. కొబ్బరికాయ కొట్టి, పూలేసి పెట్టినం. ఇగ ఎవ్వరం ముట్టం."

ఇత్తడి నాబు. ఆయన 'ఎగిరి' అన్నప్పుడే నాకు అర్థమైంది. తడి చెయ్యి, ఉత్త కాళ్లు, పచ్చి నేల. ఆమె ఎగిరి పడింది కాబట్టి బతికింది. నాబుకు అంటుకుని ఉంటే బతికేది కాదు.

నేనేం చేశానో చెబుతాను. "ఒక్కొక్కసారి అట్ల గూడ అయితది పటేలా," అన్నాను. ఆయనకు చాయ్ తెప్పించాను.

ఆ రెండు వారాలు దుకాణం నడిచినట్టు అంతకుముందెప్పుడూ నడవలేదు. కోహీర్ సెట్టులో చనిపోయిన పటేల్ పలికాడన్న మాట బస్టాండ్ అంతా పాకింది. చాయ్ హోటల్లో నన్ను చూపించి, "గీయనే. ఈయన చెయ్యి పడితే పాతోళ్లు గూడ లేచొస్తరు," అనేవాళ్లు. అటకల మీది సెట్లు కిందికి దిగాయి. ఒకాయనైతే, తన సెట్టులో తాతగారు పలకకుండా చూడమని మరీ మరీ చెప్పి పోయాడు. నేను ఎవరికీ అవుననలేదు, కాదనీ అనలేదు. కొంచెం గంభీరంగా ఉండటం మాత్రం అలవాటు చేసుకున్నాను.

ఉస్తాద్ నల్ల కళ్లద్దాలతో తిరిగొచ్చాడు. బస్సు దిగి దుకాణానికి వచ్చే వంద అడుగుల్లోనే ఆయనకు కథంతా ముట్టింది. వచ్చి కూర్చుని, కప్పు వైపు చూశాడు. అక్కడ జిగురు మరక ఇంకా ఉంది. తర్వాత చిత్తు డబ్బా దగ్గరికి లాక్కుని చేత్తో తడిమాడు.

"ఇత్తడి నాబు ఏడబోయింది?"

నేను తల వంచుకున్నాను. ఆయన చిత్తు డబ్బాను పక్కకు నెట్టాడు. తిడితే బాగుండుననిపించింది.

"ఆ ముసలామెకు తెల్సా?"

"లేదు ఉస్తాద్. వాళ్లు పటేల్ కోపమనుకుంటున్రు."

"పటేల్ సచ్చిపోయిండు. వచ్చి నేను కాదు అని చెప్పుకోలేడు. నీ తప్పు మోసెటానికి మంచి మనిషినే చూస్కున్నవ్." కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "రేపు పొద్దుగాల బస్సుకు పో. చెప్పిరా."

"కొడ్తరు ఉస్తాద్."

"కొట్టనియ్. రెండువందల ముప్పై ఓల్టులంత అయితే కొట్టరు గద."

మరుసటి రోజు నేను సంచిలో ఒక బేకలైటు నాబు, లక్క ముక్క, వెనక అట్ట, మూడు ముళ్ల ప్లగ్గు, దానికి సరిపోయే సాకెట్టు పెట్టుకుని బయల్దేరాను. అన్నీ ఉస్తాద్ ఇచ్చినవే. కోహీర్‌లో బస్సు దిగి వాళ్లూరికి నడిచాను. దారిలో జామతోటల పక్కన రెండుసార్లు కూర్చున్నాను. కాళ్లు నొచ్చి కాదు.

సెట్టును చూస్తే గుర్తుపట్టలేకపోయాను. బంతిపూల దండ, గాజు పలక మీద కుంకుమ, ముందు కొబ్బరి చిప్పలు. నా ఇత్తడి నాబుకు కూడా బొట్టు పెట్టారు. ప్లగ్గు మాత్రం గోడకు అలాగే ఉంది, తియ్యడానికి భయపడి. పటేలమ్మ దూరంగా గోడకు ఆనుకుని కూర్చుంది. కుడిచేతికి వెదురు బద్దల కట్టు. కొడుకు, పక్కింటి పెద్దాయన ఒకాయన గద్దె మీద ఉన్నారు.

దారంతా కూడబలుక్కున్న మాటలన్నీ పోయాయి. నిలబడే చెప్పేశాను.

"అమ్మా, అది పటేల్ కోపం కాదు. నా తప్పు. ఆ ఇత్తడి నాబు పెట్టుడు తప్పు. దాంట్లకెళ్లి కరెంటు తాకింది."

తన్నుతారనుకున్నాను గాని, నమ్మరని అనుకోలేదు. పక్కింటి పెద్దాయన నవ్వాడు.

"నువ్వు పిల్లగానివి. పటేల్ సంగతి నీకేమెర్క? మేం జూసినం ఆయనను."

"కరెంటే తాత."

"కరెంటైతే కొడుకుకెందుకు తాకలే? పెండ్లానికే ఎందుకు తాకింది? కరెంటుకు ఆడమొగ తెలుస్తదా?"

చెప్పులు, తడి నేల అని నేను మొదలుపెడితే ఆయన కొడుకు వైపు తిరిగి, "పాపం భయపడ్డడు. పటేల్‌ను కాదంటే మంచిగుండదు బిడ్డా," అన్నాడు. ఆ ఇంట్లో అందరికీ ఆ పటేల్ బతికున్నప్పటికంటే ఎక్కువగా ఉన్నాడు.

జేబులోంచి టెస్టర్ తీశాను. లోపల చిన్న దీపం ఉండే స్క్రూడ్రైవర్. దాని మొనను బొట్టు పెట్టిన నాబుకు ఆనించాను. దీపం ఎర్రగా వెలిగింది. ప్లగ్గు పీకి, తిరగేసి పెట్టాను. మళ్లీ ఆనించాను. వెలగలేదు.

పెద్దాయన నవ్వు ఆగింది. కొడుకు దగ్గరికి వచ్చాడు. వెనక నుంచి పటేలమ్మ గొంతు వినిపించింది.

"మల్ల తిప్పు."

తిప్పాను. వెలిగింది.

"మల్ల."

తిప్పాను. ఆరింది. ఆమె లేచి దగ్గరికి వచ్చింది. నాలుగోసారి కూడా తిప్పించింది. ఆ చిన్న దీపం వైపే చూస్తూ అడిగింది.

"అయితే ఆయన కాదా?"

"కాదమ్మా. నేనే."

కొడుకు నా మెడ దగ్గర అంగీ పట్టుకున్నాడు. చనిపోయిన తండ్రి మీద రాని కోపం బతికున్న మెకానిక్ మీద ఒక్కసారిగా వచ్చింది. అది న్యాయమే. "మా అమ్మ సచ్చిపోయేది గదరా!" అంటూ చెయ్యెత్తాడు. నేను కళ్లు మూసుకున్నాను.

"ఆగు," అన్నది పటేలమ్మ. "ముందు సెట్టు మంచిగ చెయ్యనియ్. తర్వాత కొడ్దువు."

జీవితంలో నేను అంత జాగ్రత్తగా ఇంకే పనీ చేయలేదు. పని ఆపగానే దెబ్బలు ఉన్నాయని తెలిస్తే ఎవరైనా జాగ్రత్తగానే చేస్తారు. ప్లగ్గు తీసి, కెపాసిటర్‌ను ఖాళీ చేసి, ఇత్తడి నాబు విప్పి బేకలైటుది బిగించాను. దాన్ని పట్టి ఉంచే చిన్న మర మీద వేలు పడకుండా లక్క కరిగించి మూశాను. వెనక అట్ట వేశాను. గోడకు మూడు ముళ్ల సాకెట్టు బిగించి, సెట్టు తీగకు మూడు ముళ్ల ప్లగ్గు వేశాను. ఇక ఎవరు పెట్టినా అది ఒకే వైపు దూరుతుంది. ప్లగ్గు పెట్టి, టెస్టర్‌తో వేలు తగిలే చోటల్లా చూశాను. ఎక్కడా వెలగలేదు.

"అయ్యిందమ్మా."

"చెప్పులిడువు," అన్నది.

విడిచాను. ఆమె ఎడమ చేత్తో చెంబు తెచ్చి నా కాళ్ల దగ్గర నేల మీద నీళ్లు వంపింది. మిగిలినవి నా చేతి మీద పోసింది.

"గిప్పుడు ముట్టు."

మీరు ఇలాంటి పరీక్ష ఎప్పుడూ చేయకండి. టెస్టర్ ఉంది, మీటర్ ఉంది, వాటిని నమ్మండి. నాకు ఆ రోజు వేరే దారి లేదు. నా పని మీద నాకు ఎంత నమ్మకముందో కొలిచే యంత్రం ఆ ఇంట్లో అదొక్కటే. చెయ్యి చాపాను. నాబు పట్టుకున్నాను. అటూ ఇటూ తిప్పాను. పెట్టెలోంచి కన్నడంలో ఎవరో ఎరువులు ఎంత వెయ్యాలో చెబుతున్నారు.

ఆమె పూలదండ తీసి పక్కన పెట్టింది. కొంగు తడిపి గాజు పలక మీది కుంకుమ తుడిచింది. ఊళ్ల పేర్లు ఒక్కొక్కటే బయటపడ్డాయి. చాప వేసుకుని కూర్చుని, ఎరువుల సంగతి మొదటి నుంచి చివరి దాకా విన్నది. మధ్యలో కొడుకు ఏదో అనబోతే ఎడమ చెయ్యి ఎత్తి ఆపింది. అంతా అయ్యాక నా వైపు తిరిగింది.

"నలభై ఏండ్లాయె ఈ ఇంటికొచ్చి. నాదే తప్పు అని ఈ ఇంట్ల ఒక మొగోడు అనంగ ఇయ్యాల్నే విన్న."

కొడుకు నన్ను కొట్టలేదు. నన్ను బస్సు దగ్గర దింపడానికి ట్రాక్టరు తీశాడు గాని, దారి పొడుగునా మాట్లాడలేదు. అది కూడా న్యాయమే.

జహీరాబాద్‌లో నా పేరు మాత్రం మట్టిలో కలిసింది. ఆత్మలు పలికించే మెకానిక్ కాస్తా ముసలామెకు షాకు పెట్టిన మెకానిక్ అయ్యాడు. అటకల మీంచి దిగిన సెట్లు మళ్లీ అటకలెక్కాయి. తాతగారు పలకొద్దన్నాయన అయితే తన సెట్టు వాపసు తీసుకుపోతూ, పలికితేనే బాగుండేది అన్నట్టు చూశాడు. ఉస్తాద్ ఆ ఏడంతా నన్ను సీరీసు బల్బు ముందు కూర్చోబెట్టాడు. గోడ మీది సర్టిఫికెట్ ఎవరూ తీయమనలేదు, నేనే తీసి ట్రంకుపెట్టెలో పెట్టుకున్నాను.

తర్వాత ఎనభైలు వచ్చాయి. వాల్వులు దొరకడం కష్టమైంది. టీవీలు వచ్చాయి. నేను కూడా టీవీల పని నేర్చుకున్నాను, అదీ ఆలస్యంగానే. అయినా కోహీర్ సెట్టు గొంతు తగ్గినప్పుడల్లా ఆ ఇంటి నుంచి కబురు వచ్చేది. ఉస్తాద్‌కు కాదు, నాకు. పోయిన ప్రతిసారీ నేను ముందు ప్లగ్గు తీసి, అరగంట అన్నీ తడిమి చూసుకుని, అప్పుడు మొదలుపెట్టేవాడిని. పటేలమ్మ చాప మీద కూర్చుని నన్నే చూస్తుండేది.

ఒకసారి ఆ పక్కింటి పెద్దాయన ఉండబట్టలేక నా ముందే అడిగాడు.

"జహీరాబాద్‌ల ఇంతమంది మెకానిక్‌లుంటే, నిన్ను సంపబోయినోన్నే పిలుస్తవేంది వదినె?"

ఆమె రేడియో గొంతు తగ్గించి చెప్పింది.

"మిగిలినోళ్లు ఏం కాదు, ముట్టు అంటరు. గీయనొక్కడే, అయితది అంటడు."